కోనసీమ నుంచి కొడైకెనాల్ చెరువుకి: పెద్దవాళ్లతో, పిల్లలతో మా వేసవి ప్రయాణం

మాది కోనసీమలో ముక్తేశ్వరం దగ్గర పల్లె. గుమ్మం ముందు పంట కాలవ, పెరటి వెనక కొబ్బరితోట, కాస్త దూరం నడిస్తే గౌతమి ఏటిగట్టు. అలాంటి ఊళ్లో కూర్చుని "ఈ వేసవికి కొడైకెనాల్ చెరువు చూసొద్దాం" అని మా ఆయన అనేసరికి మావయ్యగారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "నీళ్లు చూడ్డానికి అంత దూరం దేనికిరా? రేవులో పంటు పడవెక్కి కోటిపల్లి వెళ్లి రండి, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు" అన్నారు.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కానీ అప్పటికే కాలవలు కట్టేశారు. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక డెల్టా కాలవలకి నీళ్లు ఆపేస్తే మళ్లీ జూన్‌లోనే వదిలేది. అడుగున బురద, అక్కడక్కడా ఎండిపోయిన గుర్రపుడెక్క తప్ప చూడ్డానికేం ఉండదు. ఎండనైనా ఓర్చుకోవచ్చు గానీ మా వైపు ఉక్క భరించలేం. స్నానం చేసి చీర కట్టుకునేలోపే మళ్లీ చెమట. పిల్లలిద్దరూ సెలవులిచ్చిన దగ్గర్నుంచీ ఫోను వదలడం లేదు. అత్తయ్యగారే తేల్చేశారు: "చల్లగా ఉండే ఊరైతే నేనూ వస్తాను. నా చేత మెట్లు మాత్రం ఎక్కించకండి."

ఊటీయా, కొడైయా అన్న చర్చ ఆ షరతుతో తేలిపోయింది. కొడైకెనాల్‌లో చెరువు ఊరి నడుమే ఉంది. దాని చుట్టూ సుమారు 5 కిలోమీటర్ల రోడ్డు, పెద్దగా ఎత్తుపల్లాలు లేకుండా ఉంటుంది. పడవలు, సైకిళ్లు, గుర్రాలు, పార్కు అన్నీ ఆ రోడ్డు మీదే. మోకాళ్ల నొప్పులున్న మనిషి, బీపీ బిళ్లలు వేసుకునే మనిషి, ఏడో తరగతి పిల్ల, ఒకటో తరగతి పిల్లాడు, అందరూ ఒక్కచోటే కాలక్షేపం చేయగలిగిన కొండ ఊరు ఇదేనని నాకు అనిపించింది. వెళ్లొచ్చాక కూడా ఆ అభిప్రాయం మారలేదు.

రాజమండ్రిలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై ఎగ్మోర్‌లో దిగాం. పగలంతా మా ఆడపడుచు వాళ్లింట్లో నడుం వాల్చి, రాత్రికి అదే ఎగ్మోర్‌లో పాండియన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అది మదురై వెళ్లే బండి. మదురైకి ముందే కొడై రోడ్ అనే స్టేషన్లో దిగాలి, అదీ తెల్లారకముందే. అలారం పెట్టుకోకపోతే నిద్రలోనే మదురై చేరిపోతారు. స్టేషన్ నుంచి కొండ మీదికి 80 కిలోమీటర్లు. ఇంటి నుంచి ఎక్కడా ఆగకుండా ఒక్క ఊపున ఘాట్ దాకా చేసే ప్రయాణం పెద్దవాళ్లకి కష్టమే. అందుకే నడుమ చెన్నైలో ఆగడం మాకు కలిసొచ్చింది.

వెళ్లే ముందు చేసుకోవాల్సిన పని ఈ-పాస్. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకెనాల్‌కి బయటి నుంచి వచ్చే బళ్లకి ఇది తప్పనిసరి చేశారు. 2025 వేసవిలో అయితే ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొడైకెనాల్‌కి మామూలు రోజుల్లో 4,000, శని ఆదివారాల్లో 6,000 బళ్లకి మించి వదలొద్దని కోర్టు పరిమితి కూడా పెట్టింది. పాస్ ఆన్‌లైన్లోనే వస్తుంది గానీ అందులో బండి నంబరు, ఎంతమంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నీ అడుగుతారు. అంటే ముందు కారు మాట్లాడుకుని, డ్రైవరు దగ్గర నంబరు తీసుకుని, ఆ తర్వాతే పాస్ పని. మా ఆయన ఇదంతా ఫోన్లోనే కానిచ్చేశారు. శని ఆదివారాలు తగలకుండా చూసుకోవడం వల్ల కొండ ఎక్కేటప్పుడు పెద్ద రద్దీ కూడా లేదు.

ఇంకో సంగతి, ప్లాస్టిక్. 5 లీటర్ల కంటే చిన్న నీళ్ల సీసాలు అక్కడ నిషేధం. చెక్‌పోస్టులో ఆపి చూస్తారు, దొరికితే డబ్బు కట్టించుకుంటారు. మేం ఇంటి నుంచే స్టీలు సీసాలు, ఒక పెద్ద ఫ్లాస్కు పట్టుకెళ్లాం. ఆ ఫ్లాస్కు వల్ల పడ్డ సుఖం అంతా ఇంతా కాదు. చెరువు గట్టున చలిగాలిలో కూర్చుని అత్తయ్యగారు వేడినీళ్లు తాగుతుంటే పక్క బెంచీ వాళ్లు అసూయగా చూశారు.

ఘాట్ రోడ్డు బత్తలగుండు దాటాక మొదలవుతుంది. కింద కొబ్బరితోటలు కనిపించేసరికి మావయ్యగారికి హుషారొచ్చింది. కాయ ఎంత పలుకుతోందో కనుక్కోమని డ్రైవర్ని రెండు మూడుసార్లు పురమాయించారు. ఆ తర్వాత అరటితోటలు, కాఫీ చెట్లు, వాటి మీద పాకిన మిరియాల తీగలు. పైకి వెళ్లేకొద్దీ చెవులు మూసుకుపోయాయి. మలుపులకి చిన్నాడి మొహం పాలిపోతుంటే ముందు సీటుకి మార్చాం. ఘాట్ ఎక్కేముందు పిల్లలకి ఇడ్లీ ఒకటీ అరా తప్ప పెట్టకూడదు. పాలు అసలే వద్దు. వాంతి బిళ్ల వేయదలిస్తే డాక్టర్ని అడిగి బండి ఎక్కడానికి అరగంట ముందే వేయాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసి లాభం లేదు. ఒక నిమ్మకాయ చేతిలో ఉంటే మంచిది. మావాడు దాన్ని వాసన చూడ్డం మానేసి నాకడం మొదలెట్టాడు, అయినా పనిచేసింది.

ఊరు ఇంకా 8 కిలోమీటర్లుందనగా సిల్వర్ క్యాస్కేడ్ అనే జలపాతం రోడ్డు పక్కనే తగులుతుంది. వేసవి కాబట్టి ధార సన్నగా ఉంది. చెరువు నిండి పొర్లిన నీళ్లే ఇక్కడికొచ్చి దూకుతాయని డ్రైవరు చెప్పాడు. "అయితే ఇది చెరువుకి అలుగన్నమాట" అన్నారు మావయ్యగారు. అక్కడ కోతులు ఎక్కువ. అత్తయ్యగారి చేతిలో జంతికల పొట్లం ఉందో లేదో తెలిసేలోపే అది చెట్టెక్కిపోయింది.

బస గురించి ఒక్క మాట. ఆన్‌లైన్లో "లేక్ వ్యూ" అని రాసి ఉన్న గది తీసుకున్నాం. కిటికీ తెరిస్తే వరసగా నిలబెట్టిన కార్లు, వాటి వెనక ఒక గోడ. మేనేజర్ని అడిగితే మేడ మీదికి తీసుకెళ్లి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబెట్టి, "అదిగో, చెట్ల సందులో" అని వేలు చూపించాడు. ఎక్కువ డబ్బు కట్టింది ఆ వేలి కోసమన్నమాట. పెద్దవాళ్లుంటే కిటికీలోంచి ఏం కనిపిస్తుందని కాదు, చెరువు గట్టుకి నడిచి వెళ్లగలమా, దారిలో ఎక్కుడు ఎంతుంది, వేడినీళ్లు ఏ టైములో వస్తాయి, ఇవి ఫోన్ చేసి అడగాలి. నడక విషయంలో మాత్రం ఆ బస బాగానే ఉంది. రోడ్డు దాటితే చెరువే.

ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది. మొదటి రోజు పెద్దగా తిరగలేదు. స్వెట్టర్లన్నీ చుట్టాల దగ్గర్నుంచి తెచ్చినవే, కోనసీమలో స్వెట్టరెవరు కొంటారు? మావయ్యగారు పంచె మీద ఎవరిదో నీలం స్వెట్టరు, దాని మీద కండువా, నెత్తికి మంకీ క్యాపు పెట్టుకుని గట్టున బెంచీ మీద కూర్చున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి, "ఎన్ని ఎకరాలుంటుందిరా?" అన్నారు. 60 ఎకరాల దాకా ఉంటుందని చెప్పాం. "ఓస్, అంతేనా" అన్నారు గానీ కళ్లు మాత్రం నీళ్ల మీంచి తిప్పలేదు.

ఇక్కడే నాకు తెలిసిన కథ చెప్పాను. ఈ చెరువు సహజంగా ఏర్పడింది కాదు. 1863లో వియర్ హెన్రీ లెవింజ్ అనే మదురై కలెక్టరు, కొండవాగుల నీళ్లు చేరే బురద నేలకి కట్ట వేయించి నీళ్లు నిలబెట్టాడు. నేల వేళ్లలా చీలి ఉండడంతో చెరువు నక్షత్రం ఆకారంలో వచ్చింది. మొదటి పడవని తూత్తుకుడి నుంచి తెప్పించాడని చెబుతారు. 1890 నాటికి అక్కడ బోటు క్లబ్బు కూడా వచ్చేసింది. మావయ్యగారు వేళ్లు మడిచి లెక్క కట్టారు. "మన ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852లో పూర్తి చేశారు. అంటే ఇది పదకొండేళ్ల తర్వాత. అప్పుడు మనం, వీళ్లు అందరం మద్రాసు ప్రెసిడెన్సీయే కదా." మా హాల్లో దేవుడి పటాల పక్కన కాటన్ దొర ఫొటో ఉంటుంది. గోదావరి జిల్లాల్లో ఇది వింతేం కాదు, ధవళేశ్వరం ఆనకట్ట వచ్చాకే ఈ నేల మూడు పూటలా అన్నం తింది. ఆ లెక్కతో లెవింజ్ కూడా ఆయనకి కాస్త తెలిసినవాడైపోయాడు. కాకపోతే వెంటనే ఒక తేడా కూడా పట్టుకున్నారు: "కాటన్ దొర నీళ్లు పొలాలకి పంపించాడు. ఈయన షికారుకి ఆపుకున్నాడు."

మర్నాడు పొద్దున్నే సైకిళ్లు. చెరువు రోడ్డు మీద సైకిళ్లు అద్దెకిచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. పిల్లల సైజువి, గేర్లవి, ఇద్దరు తొక్కే జంట సైకిళ్లు కూడా దొరుకుతాయి. గంట లెక్కన అద్దె. బ్రేకులు, సీటు ఎత్తు అక్కడే చూసుకోవాలి, రెండడుగులు తొక్కి చూస్తే తెలిసిపోతుంది. ముఖ్యం ఏమిటంటే పొద్దున్న ఏడు లోపు వెళ్లాలి. ఆ సమయంలో నీళ్ల మీంచి ఆవిరిలా మంచు లేస్తుంటుంది, రోడ్డు మీద నడిచేవాళ్లు తప్ప బళ్లుండవు. పదయ్యాక అదే రోడ్డు మీద కార్లు, వ్యాన్లు, గుర్రాలు అన్నీ కలిసిపోతాయి, పిల్లల్ని సైకిల్ మీద వదలాలంటే టెన్షన్.

మా పెద్దమ్మాయి కాలవ గట్టు మీద సైకిల్ నేర్చుకున్న పిల్ల. ఒకపక్క నీళ్లు, ఒకపక్క చేలు ఉన్న గట్టు మీద తొక్కినదానికి తారు రోడ్డు ఒక లెక్కా? అది వాళ్ల నాన్నతో పందెం వేసుకుని చెరువు చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చింది. నేను, చిన్నాడు జంట సైకిల్ తీసుకున్నాం. వాడి కాళ్లు పెడళ్ల మీద ఉన్నాయన్న మాటే గానీ భారమంతా నాదే. "అమ్మా, నేను గట్టిగా తొక్కుతున్నా కదా?" అని అడుగుతూనే ఉన్నాడు. అవునన్నాను.

పడవల విషయానికొస్తే, పెడల్ బోటు, తెడ్లతో మనిషి నడిపే బోటు అని రెండు రకాలున్నాయి. రేట్లు, సమయం కౌంటరు దగ్గర బోర్డు మీద ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నానికి క్యూ పెరిగిపోతుంది, పైగా మూడు దాటితే వాన పడే అవకాశం ఎక్కువ. మేం పొద్దున్న కౌంటరు తెరవగానే వెళ్లాం. లైఫ్ జాకెట్టు అందరికీ ఇస్తారు, కానీ పిల్లల సైజు అడిగి తీసుకోవాలి. మావాడికి మొదట పెద్ద జాకెట్టు తగిలించారు. అది భుజాల మీంచి పైకి జారి చెవులు కప్పేస్తోంది. అలాంటి జాకెట్టు నీళ్లలో పడితే పిల్లాడిని వదిలేసి అదొక్కటే పైకి తేలుతుంది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు, అదీ గుర్తు. మళ్లీ వెనక్కి వెళ్లి చిన్నది మార్పించాం.

నలుగురు ఎక్కే పెడల్ బోటులో ముందు ఇద్దరే తొక్కాలి, నడుమ ఒక కర్రలాంటి పిడి ఉంటుంది, దాంతోనే దిక్కు తిప్పాలి. పిడి కుడికి తోస్తే ఎటు తిరుగుతుందో తెలిసేలోపు మా బోటు ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలెట్టింది. పెద్దమ్మాయి ఒక పక్క ఎగిరెగిరి తొక్కుతోంది, వాళ్ల నాన్న ఇంకోపక్క పిడి పట్టుకుని "ఆగు, ఆగు" అంటున్నారు. ఆగితే గాలి ఒడ్డు వైపు నెట్టేస్తోంది. ఎవరో తమిళ కుటుంబం బోటుకి మా ముక్కు మెల్లగా తగిలింది. వాళ్లావిడ నవ్వుతూ పిడి ఎలా పట్టుకోవాలో చేత్తో చూపించింది: చిన్నగా తోయాలి, బోటు తిరిగేదాకా ఆగాలి, అప్పుడు మళ్లీ నడిమికి తేవాలి. ఆ కిటుకు తెలిశాక మనసు నీళ్ల మీదికి వెళ్లింది. నడి చెరువులో ఊరి చప్పుడేదీ వినబడదు. చిన్నాడు చెయ్యి నీళ్లలో పెట్టి "అమ్మో, ఫ్రిజ్జు నీళ్లు" అని తీసేశాడు. గట్టు దగ్గర నీటి కలుపు అక్కడక్కడా ఉంది, మన గుర్రపుడెక్క ముందు అదేపాటి!

పెద్దవాళ్లకి తెడ్ల బోటే మేలు. తొక్కే పని లేదు, నడిపే మనిషి చెయ్యి అందించి దిగుడు దగ్గర జాగ్రత్తగా ఎక్కిస్తాడు. అత్తయ్యగారిని ముందు కూర్చోబెట్టి ఆ తర్వాత కాళ్లు లోపలికి తిప్పించాడు, మోకాలు వంచాల్సిన అవసరమే రాలేదు. ఆ పడవ మనిషికి యాభై దాటి ఉంటాయి. మా మాటలు కాసేపు విని, "మీది ఏ ఊరు?" అన్నాడు తెలుగులో! వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారట. నాయక రాజుల కాలంలో అటు వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు మదురై, తేని, దిండిగల్ వైపు చాలానే ఉన్నాయి. యాస మనకి కొత్తగా ఉంటుంది, కానీ అర్థమవుతుంది. ఇక అత్తయ్యగారు ఆగలేదు. పిల్లలెంతమంది, ఏం చదువుతున్నారు, వర్షాకాలంలో పని ఉంటుందా, అన్నీ ఆరా తీసేశారు.

మావయ్యగారి దృష్టంతా అతని చేతుల మీద ఉంది. చిన్నప్పుడు ఆయన లంకల్లో గెడ (పొడుగాటి వెదురు కర్ర) వేసి పడవ నడిపిన మనిషి. గెడ వేసేవాడు వెళ్లే దిక్కుకే చూస్తాడు. ఇక్కడ తెడ్లు వేసే మనిషి మన వైపు తిరిగి కూర్చుని, వీపు అటు పెట్టి, వెనక్కి లాగుతూ పడవని పోనిస్తున్నాడు. "చూడకుండా ఎలా నడుపుతావయ్యా?" అని అడిగితే అతను ఒడ్డు మీద ఉన్న ఒక చెట్టు చూపించాడు. ఆ చెట్టు, ఎదురుగా ఉన్న గుర్తు ఒక వరసలో ఉంటే పడవ సూటిగా పోతున్నట్టేనట. మావయ్యగారికి ఇది మహా నచ్చింది. కాసేపు తెడ్డు ఇమ్మని సైగ చేశారు. ఒక్కటే ఇచ్చాడు. గెడ అలవాటున్న చెయ్యి తెడ్డుని నీళ్లలోకి లోతుగా గుచ్చేసింది, అంతే, పడవ పక్కకి తిరిగింది. "లోతు వద్దు పెద్దాయనా, పైపైన" అన్నాడతను. రెండో విడత బాగానే లాగారు. తర్వాత ఎవరు ఏమడిగినా, "గోదారి లాగుతుందిరా, ఇది లాగదు. చచ్చిన నీళ్లలో బలమంతా మనమే పెట్టాలి" అనే చెబుతున్నారు.

గుర్రం సవారీకి చెరువు గట్టున మనుషులు పిలుస్తూనే ఉంటారు. పిల్లాడు ఎక్కుతానని మొండికేశాడు. ఎంత దూరం, ఎక్కడ ఎక్కించి ఎక్కడ దింపుతావు, నువ్వు పగ్గం పట్టుకుని పక్కనే నడుస్తావా, ఈ మూడూ ముందే తేల్చుకున్నాకే ఎక్కించాం. పక్కన నడుస్తానన్న కుర్రాడు నిజంగానే నడిచాడు. నేను వాడి వెనక పరిగెత్తాను. గట్టున వేడి మొక్కజొన్న పొత్తులు, ఉడికించిన వేరుశెనగకాయలు, మిరపకాయ బజ్జీలు, ఎర్రటి క్యారెట్లు ఆకులతో సహా కట్టలుగా అమ్ముతారు. ఆ క్యారెట్లు పచ్చివే తియ్యగా ఉన్నాయి. మా ఇంట్లో కూరలో వేసినా పక్కకి తీసేసే పిల్లలు అక్కడ కట్ట ఖాళీ చేశారు.

చెరువుకి తూర్పు వైపున బ్రయంట్ పార్కు. 20 ఎకరాల తోట, 1908లో బ్రయంట్ అనే అటవీ అధికారి వేయించింది. మే నెలలో ఇక్కడే పూల ప్రదర్శన జరుగుతుంది. మేం వెళ్లేసరికి దానికి మళ్లు సిద్ధం చేస్తున్నారు, కడియం నర్సరీల్లో పెరిగిన నా కళ్లకి అది ఇంటి పనిలాగే అనిపించింది. మా పుట్టిల్లు కడియం వైపే. గాజు ఇంట్లో కుండీల వరసలు చూస్తూ, ఈ బిగోనియా మా దగ్గర ఎండకి బతకదు, ఈ గులాబీ బతుకుతుంది అని లెక్కలేసుకుంటూ నేనొక్కదాన్నే ఎక్కువసేపు ఉండిపోయాను. పిల్లలు గడ్డిలో దొర్లారు. పెద్దవాళ్లకి బెంచీలు బోలెడున్నాయి. సాయంత్రం దాకా అక్కడే గడిపేయవచ్చు.

కోకర్స్ వాక్ కూడా అత్తయ్యగారు నడవగలిగారు. 1872లో కోకర్ అనే లెఫ్టినెంటు కొండ అంచు వెంబడి వేయించిన బాట ఇది, ఒక కిలోమీటరు. చిన్న టికెట్టు. పొద్దున్న వెళ్తే కింద లోయ, ఊళ్లు తేటగా కనిపిస్తాయి. ఎండ వెనక నుంచి పడి ఎదురుగా మబ్బు ఉంటే మన నీడే రంగుల వలయంతో మబ్బు మీద పడుతుందంటారు. మాకా యోగం కలగలేదు, మబ్బు మమ్మల్నే కప్పేసింది. పక్కనున్న మనిషి కనబడకపోతే చిన్నాడు అరిచాడు, "నాన్నమ్మా, నువ్వు మాయమైపోయావ్!" కడ్డీ పట్టుకుని నవ్వుతూ నిలబడిపోయారావిడ.

ఇక పాయింట్ల టూరు. కారు డ్రైవర్లందరూ ఒక కాగితం చూపిస్తారు: పిల్లర్ రాక్స్, గుణ గుహ, పైన్ ఫారెస్టు, ఇంకా ఏవేవో. మా ఆయనకి అన్నీ చూడాలని ఉంది. పొద్దున్న బయల్దేరితే పార్కింగు కోసం ఆగడం, దిగడం, జనాన్ని తోసుకుని రెయిలింగు దాకా వెళ్లడం, మంచు తప్ప ఏమీ కనబడకపోవడం, మళ్లీ కారెక్కడం. పైన్ ఫారెస్టు బాగుంది, 1906లో బ్రయంట్ నాటించడం మొదలెట్టిన చెట్లవి, కింద రాలిన ఆకుల మీద పిల్లలు జారుడుబండ ఆడుకున్నారు. సౌర అబ్జర్వేటరీ పెద్దమ్మాయికి నచ్చింది. సూర్యుడి మచ్చల్లో వాయువులు బయటికి ప్రవహిస్తున్నాయని 1909లో జాన్ ఎవర్షెడ్ కనిపెట్టింది ఇక్కడే. మిగతావాటికి అత్తయ్యగారు కారు దిగనేలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి మావయ్యగారు డ్రైవర్ని, "బాబూ, చెరువు దగ్గర దింపెయ్" అన్నారు. పిల్లలు కూడా ఆ మాటకే ఎదురుచూస్తున్నట్టు చప్పట్లు కొట్టారు. నాకైతే పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న ఇంటికి ఈ పాయింట్ల కాగితమే దండగ అనిపిస్తుంది. అడవి లోపల బేరిజం అనే ఇంకో చెరువుంది, దానికి అటవీ శాఖ అనుమతి కావాలి, పరిమితంగానే బళ్లని వదులుతారు. పిల్లలు పెద్దయ్యాక చూద్దాంలే అని దాని జోలికి పోలేదు.

తిండికి ఇబ్బంది పడలేదు. ఇడ్లీ, పొంగల్, సాంబారన్నం, పెరుగన్నం ఎక్కడైనా దొరుకుతాయి. కాకపోతే మా వాళ్లకి సాంబారు రెండు పూటలకి మించి ఎక్కదు. ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, నెయ్యి సీసా, మజ్జిగ మిరపకాయలు ఆదుకున్నాయి. హోటల్లో వేడి అన్నం మాత్రం తెప్పించుకుని, పొడి కలుపుకుని తిన్న రోజు మావయ్యగారు తృప్తిగా త్రేన్చి, ఇక ఎన్నాళ్లయినా ఉంటానన్నారు. ఆ చలికి ఆకలి కూడా ఎక్కువే వేస్తుంది.

తిరుగు ప్రయాణం ముందు బజారు. ఇంట్లో చేసిన చాక్లెట్లని వీధంతా అమ్ముతారు. తూకం లెక్కన కొనొచ్చు, రుచి చూపిస్తారు కూడా. మేం మర్యాదకి కాసినే కొన్నాం, రాజమండ్రిలో దిగేసరికి అవి పెట్టెలోనే ముద్దయిపోయాయి. పిల్లలు ఆ ముద్దనే చెంచాతో తిన్నారు. మోకాళ్లకి నీలగిరి తైలం సీసాలు అత్తయ్యగారు తనకొకటి, అప్పగారికొకటి, ఎదురింటావిడకొకటి తీసుకున్నారు. వాటితోపాటు బస్టాండు వైపు ఒక ముసలావిడ దగ్గర కొండ వెల్లుల్లి కట్టలు కొన్నారు. కొడైకెనాల్ మలై పూండు అంటే భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకు, ఘాటెక్కువ, నెలల తరబడి నిలవ ఉంటుంది.

ఊరికి వచ్చిన వారానికి ఆవకాయ పెట్టాం. ఈసారి జాడీలో ఆ వెల్లుల్లే వేద్దామని అత్తయ్యగారి పట్టు. నేనూ, పెద్దమ్మాయీ ఫ్యాను కింద కూర్చుని రెబ్బలు వలుస్తుంటే గోళ్లు మండిపోయాయి. మూడో రోజు తిరగకలిపి ఒక ముద్ద నోట్లో వేసుకుని ఆవిడ చెప్పిన తీర్పు: "ఘాటు బ్రహ్మాండం. మళ్లీ వెళ్తే ఇంకో రెండు కట్టలు తెద్దాం గానీ, అమ్మాయ్, వలిచే పని మీ ఆయనకి అప్పజెప్పు."